అల ఎవరిది? శిఖరం లెక్క, వంతు లెక్క, గాలి లెక్కలలో ఏది మేలు?

మా బావకూ నాకూ మధ్య పోయిన వేసవిలో చెన్నైకి దక్షిణాన ఉన్న కోవలం తీరంలో మొదలైన తగువు, విజయవాడకు తిరుగు రైలెక్కిన తరువాత కూడా తీరలేదు. నేను మామూలు సర్ఫ్ బోర్డు మీద, అల మొదట విరిగే చోట కాచుకుని, మూడు అలలను పక్కవారికి వదిలి, నాలుగో అలకు చేతులు వేసి లేచి నిలబడ్డాను. అదే అలను మా బావ నా వెనుక ఎక్కడో లోతు నీటిలోనే అందుకుని, ఫాయిల్ బోర్డు మీద, అంటే అడుగున ఉన్న రెక్కలు నీటి మీదికి ఎత్తే బోర్డు మీద, నీటికి జానెడు ఎత్తున తేలుతూ వస్తున్నారు. నేను పక్కకు పడిపోయాను, ఆయన అటు ఒరిగి తప్పించుకున్నారు. ఒడ్డుకు చేరాక "అల మీద ముందు ఉన్నది నేనే కదరా" అని ఆయన, "అది విరిగిన చోట ఉన్నది నేను బావా" అని నేను. ఆలోచించి చూస్తే ఇద్దరిలో ఎవరమూ అబద్ధం ఆడలేదు. చెరొక నియమాన్ని పట్టుకుని వచ్చాం, ఆ రెండు నియమాలూ ఒకే అల మీద ఎదురుపడ్డాయి.

మా బృందంలో ఇప్పుడు ఆరుగురం ఉన్నాం. నలుగురివి బోర్డులు, ఇద్దరివి ఫాయిళ్ళు. ప్రకాశం బ్యారేజీ ఎగువన నిలిచిన కృష్ణ నీటిలో తెడ్డు వేయడం, బోర్డు మీద నిలదొక్కుకోవడం సాధన చేసుకోవచ్చు గాని, అక్కడ అల లేదు కనుక అల తగువూ లేదు. అందుకోసం గుంటూరు దాటి, బాపట్ల మీదుగా మరో 9 కిలోమీటర్లు పోయి సూర్యలంకలో దిగాలి. అక్కడ దిగేముందే మాలో మేము ఒక పద్ధతికి కట్టుబడాలని అనుకుని, తెలిసిన పద్ధతులన్నింటినీ పక్కపక్కన పెట్టి చూశాం.

మొదటిది సర్ఫర్లందరికీ తెలిసిన శిఖరం లెక్క. అల మొదట విరిగే చోటును పీక్ అంటారు, దానికి అందరికంటే దగ్గరగా ఉన్నవారిదే ఆ అల. ఇది ఎవరో పెద్దలు కూర్చుని రాసిన శాసనం కాదు, అల స్వభావంలోంచి పుట్టిన ఆనవాయితీ. అల ఎత్తు అక్కడి నీటి లోతులో సుమారు 0.78 వంతుకు చేరినప్పుడు అది నిలబడలేక విరుగుతుంది. అంటే మీటరు ఎత్తు అల దాదాపు 1.3 మీటర్ల లోతుకు వచ్చేసరికి పగులుతుంది. అక్కడి నుంచి ఆ విరగడం పక్కకు పాకుతూ పోతుంటే, దానికి ఒక అడుగు ముందు, ఇంకా విరగని నున్నని గోడ మీద బోర్డు జారుతుంది. పీక్ దగ్గర లేచినవారికి ఆ గోడ తప్ప వేరే దారి లేదు, వెనుక నురగ తరుముతూ ఉంటుంది. షోల్డర్ మీద, అంటే విరిగే చోటుకు దూరంగా, ఉన్నవారు ఆ గోడ మీదికి దిగితే వెనుకవారి దారి మూసుకుపోతుంది. దీన్నే డ్రాప్ ఇన్ అంటారు, సర్ఫర్లలో ఇంతకు మించిన తప్పు మరొకటి లేదు. దారి లేనివారికి హక్కు, దారి ఉన్నవారికి ఓపిక అన్నది ఇందులోని న్యాయం.

ఈ లెక్కకు ఉన్న గొప్ప బలం ఏమిటంటే న్యాయమూర్తి అక్కర లేకపోవడం. అల ఎక్కడ విరుగుతున్నదో ఇద్దరికీ కనపడుతుంది, ఎవరు దగ్గరో ఇద్దరికీ తెలుస్తుంది, నోరు విప్పకుండానే తీర్పు వచ్చేస్తుంది. అల రెండు వైపులా విరిగితే మాత్రం "ఎడమ", "కుడి" అని అరిచి ఇద్దరూ చెరొక వైపు పోవచ్చు. ఇక బలహీనతలు. మొదటిది స్నేకింగ్, అంటే కాచుకుని ఉన్నవారి చుట్టూ పాములా తిరిగివచ్చి ప్రతిసారీ వారికంటే ఒక బారెడు లోపల కూర్చోవడం. చేతి సత్తువ ఉన్నవాడు రోజంతా ఇలా చేసినా అక్షరాలా నియమం తప్పినట్టు కాదు. రెండోది ఇసుక అడుగు. రాతి దిబ్బ మీద విరిగే అల ఇంచుమించు ఒకే చోట విరుగుతుంది; సూర్యలంక వంటి ఇసుక తీరంలో ఇసుక మేటలు జరిగే కొద్దీ పీక్ కూడా జరుగుతుంది. పొద్దున ఎవరు దగ్గరో, పదిన్నరకు వారే దూరమవుతారు.

రెండోది వంతు లెక్క. సర్ఫింగ్ పోటీల్లో ఇదే నడుస్తుంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌తో ఈ క్రీడ ఆ వేదిక ఎక్కాక కొత్తవారికి కూడా టీవీలో ఇదే ముందు కనపడింది. పోటీ మొదలైనప్పుడు ఎవరికీ ప్రాధాన్యం ఉండదు. ఒకరు తొలి అల ఎక్కగానే ఎక్కనివారికి తరువాతి అల మీద హక్కు వస్తుంది, ఎక్కినవారు వరుసలో చివరికి పోతారు. హక్కు ఉన్నవారు అలకు చేతులు వేసి అందుకోలేకపోయినా హక్కు జారిపోతుంది. ఎవరి వంతో ఒడ్డున రంగులతో చూపిస్తారు, అడ్డుపడినవారికి మార్కుల్లో కోత పడుతుంది, అదే తప్పు రెండోసారి చేస్తే పోటీ మధ్యలోనే నీటి నుంచి బయటికి రావాలి.

కాలువ కింద సేద్యం చేసే ఇళ్ళలో పెరిగినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. సాగర్ కుడి కాలువ కింద నీరు తక్కువైన ఏడు వారబందీ పెడతారు. ఈ రోజులు ఈ మేజరుకు (పిల్లకాలువకు), ఆ రోజులు ఆ మేజరుకు అని వంతులు వేస్తారు. వంతు లేకపోతే ఎగువ తూము రైతు పొలం తడిసి మురిగిపోతుంది, శివారు రైతు నెర్రెల్లో నిలబడి కాలువ నీరు వదిలే లస్కరు కోసం ఎదురు చూస్తుంటాడు. వంతు లెక్క శివారువారిని కాపాడుతుంది, దాని మేలు అదే. నేర్చుకునేవారు, చేతులు తొందరగా అలసిపోయేవారు, పిల్లలు, అందరికీ ఒక అల దక్కుతుంది. అయితే వారబందీకి లస్కరు ఉన్నట్టు దీనికి లెక్క పెట్టే మనిషి కావాలి. ఆరుగురం మాత్రమే నీటిలో ఉంటే వంతు గుర్తుంటుంది. ఏడో మనిషి, మాకు తెలియనివాడు, వచ్చి చేరాడంటే ఆ వరుస అతనికి తెలియదు, చెప్పడానికి మాకు నోరు రాదు. పైగా అల మన వంతు చూసి రాదు. నా వంతు వచ్చినప్పుడు పీక్ నాకు నలభై గజాల అవతల లేస్తే, నేను అందుకోలేను, అందుకోగలిగినవాడు చూస్తూ ఊరుకోవాలి. ఆ అల ఎవరికీ కాకుండా పోతుంది.

మూడోది గాలి లెక్క. చేతిలో గాలి నింపిన రెక్క పట్టుకుని పోయే వింగ్ ఫాయిల్ వారు, గాలిపటంతో పోయే కైట్ వారు దీన్ని తెరచాప పడవల నుంచి తెచ్చుకున్నారు. 1972 నాటి అంతర్జాతీయ నౌకా నిబంధనల ప్రకారం రెండు తెరచాప పడవలు ఎదురుపడితే, ఎడమ పక్క నుంచి గాలి అందుకుంటున్నది తప్పుకోవాలి. రెండింటికీ గాలి ఒకే పక్క నుంచి వస్తుంటే గాలికి ఎగువన ఉన్నది తప్పుకోవాలి. దాటిపోయేది ఎప్పుడూ తానే ఎడంగా పోవాలి. ఢీకొనకుండా ఉండటానికి ఇది చక్కని లెక్క. కాని ఇది ఎవరు తప్పుకోవాలో చెబుతుందే తప్ప అల ఎవరిదో చెప్పదు. బోర్డు మీద పడుకుని చేతులు వేస్తున్నవాడికి గాలి ఏ పక్కదైతేనేమి? ఇంకొక చిక్కు కూడా ఉంది. ఒడ్డు నుంచి లోపలికి పోయేవారికి తిరిగివచ్చేవారు దారి ఇవ్వాలని గాలి క్రీడల్లో నేర్పుతారు; లోపలికి పోయేవారే అల మీద వస్తున్నవారి దారి నుంచి తొలగి, నురగలో దెబ్బలు తిని అయినా పక్కనుంచి పోవాలని సర్ఫర్లు నేర్పుతారు. ఈ రెండు బడుల్లో చదివిన ఇద్దరు ఎదురుపడితే ఇద్దరూ తమకే దారి అనుకుంటారు. కలగలిసిన నీటిలో దీన్ని పక్కన పెట్టడమే మంచిదని మా అందరికీ పది నిమిషాల్లోనే తేలింది.

అసలు కష్టం ఫాయిల్ తెచ్చింది. బోర్డు అడుగున సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్ల నిలువు కమ్మీ, దాన్ని మాస్ట్ అంటారు, దాని చివర విమానం రెక్కల వంటి రెండు రెక్కలు ఉంటాయి. వేగం అందుకోగానే ఆ రెక్కలు బోర్డును నీటి మీది నుంచి పైకి లేపుతాయి, బోర్డు అడుగుకు నీటి రాపిడి ఉండదు. హవాయిలో లేర్డ్ హామిల్టన్ వంటి సర్ఫర్లు 2000 తరువాతి తొలి ఏళ్ళలో స్నోబోర్డు బూట్లు బిగించుకుని దీన్ని పెద్ద అలల మీద పరీక్షించినప్పుడు అది సాహసికుల ఆట. తరువాత రెక్కలు పెద్దవై, నెమ్మదిగా పోయినా పైకి లేపగలిగేలా మారాక, మా బావ వంటి మధ్యవయస్కుడి చేతికి కూడా వచ్చింది. ఇప్పుడు ఫాయిల్‌కు అల విరగనక్కర లేదు. లోతులో ఇంకా ఉబ్బుగా మాత్రమే ఉన్న అలను అది అందుకోగలదు, ఆ అల చప్పబడితే కాళ్ళతో బోర్డును ఎగదోసి దిగదోసి (దీన్ని పంప్ చేయడం అంటారు) తేలుతూనే వెనక్కి పోయి రెండో అల, మూడో అల కూడా పట్టగలదు. నేను ఒక అల దిగి మళ్ళీ పీక్ చేరడానికి నురగలో ఈదుకుంటూ పోయే సమయంలో ఆయన రెండు అలలు ముగించి ఉంటారు.

శిఖరం లెక్క ఇక్కడే తెగిపోతుంది. అందరి బోర్డులూ ఒకే చోట, అంటే విరిగే చోటే, అల పట్టగలిగినంత కాలం "దగ్గరివారిదే అల" అన్న మాటకు అర్థం ఉంది. ఒకరికి మాత్రం నూరు గజాల ఎగువన పట్టే సాధనం ఉంటే, పీక్ అన్న మాట వారికి వర్తించదు. "ముందు లేచినవారిదే" అంటే ప్రతి అలా ఫాయిల్‌దే అవుతుంది; ఎగువ తూము రైతు కాలువలోనే మోటారు దింపినట్టు ఉంటుంది. ఈ పోలిక చెప్పినప్పుడు మా బావకు కోపం వచ్చింది, ఆయన పొలం శివారులోనే ఉంది మరి.

కలగలిసిన నీటికి మాకు మూడు దారులు కనిపించాయి. అందరికీ ఒకే నియమం పెట్టడం మొదటిది. చెవికి న్యాయంగా వినపడుతుంది, నీటిలో అన్యాయంగా తేలుతుంది. కారణం పైన చెప్పాను. ఫాయిల్ వారు ఎప్పుడూ తప్పుకోవాలి, అంటే బోర్డు మీది మనిషి చేతులు వేయడం కనపడగానే అల వెనక్కి దిగిపోవాలి అన్నది రెండోది. ఫాయిల్‌కు అది సులువే, బరువు కొంచెం మార్చి అల వీపు మీదుగా జారిపోవచ్చు, అలల కరువూ లేదు. అయితే ఇది చూపు మీద ఆధారపడుతుంది. వింగ్ పట్టుకున్నవారికి ఆ రెక్కే గాలివాలు పక్క చూపును కప్పేస్తుంది, మామూలు ఫాయిల్ మీద కూడా నేర్చుకుంటున్నవాడి కళ్ళు తన కాళ్ళ మీదే ఉంటాయి. మూడోది వేరు చోటు, బోర్డులు ఒక మేట దగ్గర, ఫాయిళ్ళు కనీసం రెండు వందల గజాల అవతల.

నా ఓటు మూడోదానికే, సూర్యలంక విషయంలో దీనికి ఇంకొక బలమైన కారణం ఉంది. ఆ తీరం మెల్లగా లోతెక్కుతుంది, స్నానాలకు వచ్చినవారు చాలా దూరం నడుము లోతులోనే నిలబడతారు. కార్తీక పౌర్ణమి నాడైతే నీటి అంచు మనుషులతో నిండిపోతుంది. నడుము లోతు నీటిలో ఫాయిల్ రెక్క పోయే ఎత్తు నిలబడినవారి కాళ్ళ ఎత్తు. మనిషి పడ్డాక బోర్డు ఎటు పోతుందో పడ్డవాడికి కూడా తెలియదు. కాలికి తాడు ఉన్నా ఆ తాడు పొడవు లోపల మరో మనిషి ఉండకూడదు. వదిలేసిన సాధనం ఎవరి మాటా వినదని విజయవాడ వారికి వేరే చెప్పనక్కర లేదు. 2024 సెప్టెంబరు వరదలో కట్లు తెంచుకున్న పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్‌వెయిట్లను పగలగొట్టిన సంగతి అందరం చూశాం. బోర్డును చేతిలో పట్టుకుని ఉండటం, అలకు భయపడి విసిరేయకపోవడం అన్నది అందుకే ఏ ప్రాధాన్యం కంటేనైనా ముందు నేర్పవలసిన మర్యాద.

వేరు చోటు వల్ల ఎవరికి ఎంత నష్టమో లెక్క వేస్తే కూడా అదే తేలుతుంది. నిటారుగా విరిగే మంచి పీక్ పోతే బోర్డు మనిషికి ఆ పూట పోయినట్టే. ఫాయిల్‌కు ఆ పీక్ అవసరమే లేదు, అది వారికి నిజానికి ప్రమాదం. మీటరులోపు అల విరిగే చోట అడుగు ఇసుక మాస్ట్‌కు అంత దూరంలో ఉండదు, రెక్క నేలను తాకితే మనిషి ముందుకు ఎగిరి పడతాడు. వారికి కావలసింది లోతు నీటిలోని మెత్తని ఉబ్బు, బోర్డులకు పనికిరానిది. ఒకరికి మిగిలిపోయేది మరొకరికి పంటగా మారే వీలు ఉన్నప్పుడు ఒకే మడిలో కొట్టుకోవడం దేనికి?

కనుక మేము చివరికి కట్టుకున్న పద్ధతి ఒక్కటి కాదు, కొంత కలగలుపు. బోర్డుల చోట శిఖరం లెక్కే, కాని మేము ఆరుగురం తప్ప ఎవరూ లేని పొద్దుల్లో వంతు; స్నేకింగ్ చేసినవారికి తరువాతి రెండు అలలు లేవు. ఫాయిళ్ళ చోట వారి నియమం వారిది. హద్దు దాటి ఇటు వస్తే, ఎంత ముందు లేచినా, ఫాయిలే తప్పుకోవాలి. దీనికి మా బావ ఒక షరతు పెట్టారు. సముద్రం చప్పబడి బోర్డుల మీద ఎవరమూ అల అందుకోలేని రోజున, మేము పీక్ మీద ఊరికే కూర్చుని చోటు ఆక్రమించకూడదని. అది న్యాయమే, ఒప్పుకున్నాను. ఒక అల ముగిశాక పంప్ చేసుకుంటూ మా హద్దు అంచునుంచి రెండో అల పట్టకూడదని నేను పెట్టిన షరతుకు మాత్రం ఆయన ఇంకా ఊ అనలేదు.