పడమర చూసుకోకుండా టెంటు బుక్ చేస్తే

టెంటు ఒక్కటికి 1,800. మేం తీసుకున్నవి రెండు. రాత్రి భోజనం మనిషికి 350, అది వేరే. నలుగురికి కలిపి 5,000 ముందే కట్టించుకుని మాకు ఇచ్చిందేమిటయ్యా అంటే, గ్రహణం పట్టే వేళకు సూర్యుడే కనిపించని జాగా.

2022లో దీపావళి సోమవారం వచ్చింది. తెల్లారి అక్టోబర్ 25న పాక్షిక సూర్యగ్రహణం. మన దగ్గర సాయంత్రం 5 గంటలకు కాస్త అటూ ఇటూగా పట్టి, విడవకముందే పొద్దుగూకుతుంది. మా చిన్నోడి సైన్స్ పిచ్చికి మా ఆయన కారు పిచ్చి తోడై, హనుమకొండ నుంచి ములుగు రోడ్డు పట్టాం. “గ్రహణం నాడు ఇల్లు ఇడిసి ఎవలన్న పోతరా?” అని పొద్దంతా సణిగిన అత్తమ్మ, మర్నాడు గోదావరి స్నానం చేయిస్తామనేసరికి మెత్తబడింది. ములుగు దాకా రోడ్డు బాగుంది, గట్టమ్మ దగ్గర ఆగి దండం పెట్టుకున్నాం. రామప్పకు మళ్లుదామని నేను, గ్రహణం నాడు గుడేంది అని అత్తమ్మ. ఆమే గెలిచింది.

క్యాంపు లక్నవరం వైపే, అడవి అంచున. పేరు రాయను. ఫోన్‌లో “సన్‌సెట్ మా దగ్గర్నుంచే చూడాలి మేడం” అన్నారు. దిగి చూస్తే టెంట్లకు పడమరగా ఇంతెత్తు గుట్ట. నాలుగున్నరకే ఎండ పోయింది.

“సన్‌సెట్ కనిపిస్తదన్నరు కదా?” అని అడిగితే, “కనిపిస్తది మేడం, మా దగ్గర జర జల్దీ అయితది” అన్నాడు మేనేజర్. పైసలు వాపసియ్యమంటే, “గుట్టను నేను పెట్టిన్నా మేడం?” మా ఆయన పక్కకు తిరిగి నవ్వుతుంటే నాకు ఇంకా మండింది.

ఇది చదివి ఇలాంటి సాయంత్రం గ్రహణాలకు బయల్దేరేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. చెయ్యి బార్లా చాచి పిడికిలి పట్టండి. ఆ పిడికిలి ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. ఆ రోజు పట్టువేళకు సూర్యుడు అంతే ఎత్తులో ఉన్నాడు. పడమటి గుట్ట పిడికిలిని దాటితే అక్కడ ఒక్క నిమిషం కూడా ఆగకండి. ఇంకోటి, అక్కడి కుర్రాడొకడు ఎక్స్‌రే ఫిల్ము ముక్కలు పది రూపాయలకొకటి అమ్ముతున్నాడు. కొనొద్దు, అందులోంచి సూర్యుణ్ని చూస్తే కన్ను కాలుతుంది. కంటి లోపలి పొర రెటీనాకు నొప్పి తెలియదు, కాలాక కూడా ఆ క్షణాన ఏమీ అనిపించదు. మేం సూర్యుణ్ని చూసే అద్దాలకుండే ప్రమాణం, ఐఎస్ఓ 12312-2 అని ముద్ర ఉన్న కళ్లద్దాలు నాలుగు, 320 పెట్టి ముందే తెప్పించుకున్నాం. ఈ ట్రిప్పులో దండగ కాని ఖర్చు అదొక్కటే.

4:45కి సామాను టెంట్లోనే పడేసి కారెక్కాం. ఐదారు కిలోమీటర్లు వెనక్కొస్తే పత్తిచేల మధ్య ఓ చిన్న ఊరు, పడమరంతా తెరిపి. రోడ్డు పక్క ఇంటి ముందు ఇత్తడి తాంబాళంలో పసుపునీళ్లు పోసి రోకలి నిలబెట్టారు. “గ్రహణం ఇడిసేదాక పడదక్కా” అంది ఆ ఇంటావిడ. మా వాడు నోరు తెరవబోతే గిల్లాను. (అడుగు చదునుగా ఉంటే రోకలి ఏ రోజైనా నిలబడుతుంది, తర్వాత ఇంట్లో నిలబెట్టి చూశాం.)

పట్టడం మొదలైంది. కింద కుడి అంచున అప్పడం కొరికినట్టు చిన్న నొక్కు, అది మెల్లగా లోపలికి. ఆ ఇంటి పిల్లలు, పత్తి ఏరి వస్తున్న ఆడవాళ్లు, అందరూ మా నాలుగు కళ్లద్దాలకు లైను కట్టారు. అత్తమ్మ మాత్రం కారు దిగలేదు. 1980 ఫిబ్రవరి 16 గ్రహణానికి ఆమె చిన్నపిల్ల. నల్గొండ దగ్గర వాళ్ల ఊర్లో కిటికీలకు గొంగళ్లు కట్టి పిల్లల్ని లోపలేశారట. అదే గ్రహణాన్ని ఉస్మానియా యూనివర్సిటీ వాళ్లు జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ నుంచి టెలిస్కోపులతో చూశారు. ఈమెకేమో చీకటి గది మిగిలింది.

ఇంతలో మా వాడు “నానమ్మా, గోడ చూడు!” అని అరిచాడు. వేపాకుల సందుల్లోంచి ఎండ సున్నపు గోడ మీద పడుతోంది. ఎప్పుడూ గుండ్రంగా పడే మచ్చలన్నీ ఓ పక్క కొరికేసినట్టు ఉన్నాయి, గోడ నిండా వందల కొద్దీ. ఒక్కో మచ్చా సూర్యుడి బొమ్మే. అత్తమ్మ దిగి వచ్చింది. “గోడను చూసుడు సూర్యున్ని చూసుడు కాదు గదా” అని తనే తీర్పు చెప్పుకుని, పొద్దు పత్తిచేల్లోకి దిగేదాకా అక్కడే నిలబడింది.

క్యాంపుకు తిరిగొస్తే వంటమనిషి గ్రహణమని రానేలేదు. మనిషికి 350 పెట్టిన భోజనానికి మ్యాగీ పెట్టారు. టెంటు జిప్పు సగం దాకే వస్తుంది, రాత్రంతా దోమలు. అత్తమ్మకు ఆ మ్యాగీతోనూ పని లేదు, పట్టి ఉండగానే పొద్దుగూకింది కాబట్టి మర్నాడు సూర్యబింబం చూసి స్నానం చేసేదాకా ముద్ద ముట్టదు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. సూర్యగ్రహణం వచ్చేదే అమావాస్యకు, దానికి తోడు అడవి చీకటి. తూర్పున గురుగ్రహం దీపంలా వెలుగుతోంది. అంతసేపు ఆకాశం కింద కూర్చుని ఎన్నేళ్లయిందో.

పొద్దున ఏటూరునాగారం దగ్గర రామన్నగూడెం ఘాట్. స్నానమయ్యాక అత్తమ్మ సూర్యుడికి మొక్కి, రోడ్డు పక్క హోటల్లో 30 రూపాయల ఉప్మా రెండు ప్లేట్లు లాగించింది. పెట్రోలు 1,400తో కలిపి మొత్తం దాదాపు ఏడు వేలు.

తిరుగు దారిలో మా వాడు నవంబర్ 8న చంద్రగ్రహణం ఉందన్నాడు. అత్తమ్మ కళ్లు తెరవకుండానే అంది, “డాబా మీద చూద్దాం. టెంటు పేరెత్తితే మీ నాయన్ను గోదాట్లేస్త.”