గురక క్లిప్పుకి డబ్బులు కట్టేముందు ఇది చదవండి (తిరుపతి, చిత్తూరు వాళ్లు ముఖ్యంగా)

గురకకి నోట్లో పెట్టుకునే క్లిప్పు చేసిస్తామని, ఉచిత క్యాంపు అని బ్యానరు కట్టిన ఒక డెంటల్ క్లినిక్‌లో, మన తిరుపతిలోనే, మా ఆయనకి 35 వేలు పెట్టి చేయించాం. ఫిర్యాదు పెడుతున్నాం కాబట్టి పేరు ఇక్కడ రాయను. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. నిద్ర పరీక్ష, అదే స్లీప్ స్టడీ, చేయకుండా మీ పళ్లకి అచ్చు తీస్తామంటే ఆ కుర్చీలోంచి లేచి వచ్చేయండి.

మా ఆయన అలిపిరి నుంచి కొండకి ట్యాక్సీ తోలతారు. ఎంతసేపు పడుకున్నా పొద్దున్నే తలనొప్పి, పగలంతా తూగు, బీపీ మాత్రలు వేసుకున్నా అదుపులోకి రాదు. గురక ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది, నన్ను భయపెట్టింది అది కాదు, మధ్యలో అది ఆగిపోవడం. పొట్టా ఛాతీ ఎగిసెగిసి పడుతుంటాయి, ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగలదు, కాసేపటికి ఉక్కిరిబిక్కిరై పెద్దగా శబ్దం చేసి మళ్లీ ఊపిరి తీసుకుంటారు. ఇదంతా క్లినిక్‌లో మొదటిరోజే చెప్పాను. "అందుకేనమ్మా ఈ క్లిప్పు, గొంతు తెరుచుకుంటుంది" అన్నారు. గురక వస్తుందా, బీపీ ఉందా, మెడ కొలత ఎంత అని ఒక కాగితం నింపించి, ఇదే టెస్టు అన్నారు. ఆ ప్రశ్నలు ఎవరికి పరీక్ష అవసరమో తెలుసుకోవడానికి మాత్రమే అడుగుతారు. నిద్రలో ఊపిరి ఆగే ఈ జబ్బు (స్లీప్ ఆప్నియా అంటారు) ఏ స్థాయిలో ఉందో వాటితో తేలదు.

ఆ స్థాయిని గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, ఎన్నిసార్లు బాగా తగ్గిందో లెక్కబెట్టి చెప్తారు, ఏహెచ్‌ఐ అంటారు. 5 నుంచి 15 లోపు అయితే స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, అది దాటితే తీవ్రం. క్లిప్పు ప్రధానంగా మొదటి రెండు రకాలకి, లేదా మాస్కు ద్వారా గాలి పంపి గొంతు మూసుకుపోకుండా ఉంచే మెషిన్ పెట్టుకోలేకపోయిన వాళ్లకి. తీవ్రంగా ఉన్నవాళ్లకి ముందు చూడాల్సింది ఆ మెషినే, సీప్యాప్. మాకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

క్లిప్పు పనిచేసే పద్ధతి ఇదీ. కింది దవడని కొంచెం ముందుకి పట్టి ఉంచుతుంది, దాంతో నాలుక కూడా ముందుకి వచ్చి వెనక గాలి పోయే దారి మూసుకుపోకుండా ఉంటుంది. ఎంత ముందుకి జరపాలన్నది మనిషిని బట్టి మారుతుంది కాబట్టి, మంచి క్లిప్పు పైపళ్లకి ఒకటి, కిందిపళ్లకి ఒకటి రెండు ముక్కలుగా ఉండి, పక్కల స్క్రూ లాంటి ఏర్పాటుతో మిల్లీమీటర్ల లెక్కన కొన్ని వారాలపాటు సర్దుకుంటూ పోయేలా ఉండాలి. మా చేతికిచ్చింది పైదీ కిందదీ కలిపి అతికించేసిన ఒకే ముక్క. సర్దడానికి ఏమీ లేదు. ఎడమపక్క అంచు సరిగ్గా అరగదీయకపోతే చిగురు కోసుకుపోయింది. పొద్దున తీసేశాక వెనక పళ్లు ఒకదానికొకటి ఆనేవి కావు, దోశ ముక్క నమలాలన్నా చెవి ముందు దవడ కీలు దగ్గర కలుక్కుమనేది. అసలు మా ఆయనకి చిగుళ్ల జబ్బు ఉంది, కింద ఒక పన్ను కదులుతోంది కూడా. క్లిప్పు రాత్రంతా పళ్ల మీదే బలం వేస్తుంది, అందుకే చిగుళ్లు, దవడ కీలు, ఎక్స్‌రే చూశాకే చేయాలి. బాగా చేసిన క్లిప్పుతో కూడా ఏళ్లు గడిచేకొద్దీ పళ్లు కొంచెం జరగొచ్చు, ఆ సంగతి ముందే చెప్పి తీరాలి.

ఇక అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది ఫోన్ యాప్ వ్యవహారం. క్లిప్పు పెట్టుకోకముందు గురక గ్రాఫు, పెట్టుకున్నాక గ్రాఫు పక్కపక్కన చూపించి "చూడండమ్మా, తగ్గిపోయింది" అన్నారు. శబ్దం తగ్గిన మాట నిజమే. మా ఆయన పగటి తూగు మాత్రం అలాగే ఉంది. ఒకరోజు పాత ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు మలుపు దగ్గర కన్ను మూతపడిందట, వెనక సీట్లో భక్తులు, పిల్లలు. ఆ మాట విన్నాక నేను చెస్ట్ డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. క్లిప్పు నోట్లో పెట్టుకునే రాత్రంతా పరీక్ష చేయించమన్నారు. వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకి బెల్టు. గంటకి 34 సార్లు అని వచ్చింది, ఆక్సిజన్ 78 శాతం దాకా పడిపోయింది. గురక వినిపించడం లేదు, ఊపిరి మాత్రం ఆగుతూనే ఉంది. యాప్ వింటున్నది శబ్దాన్ని, అది ఊపిరి కొలవదు. ఆ గ్రాఫు చూసి జబ్బు పోయిందనుకుని బండి తోలే డ్రైవరన్నలు ఇంకెంతమంది ఉన్నారోనని నాకు టెన్షన్‌గా ఉంది.

ఇప్పుడు మా ఆయన సీప్యాప్ మాస్కుతో పడుకుంటున్నారు, పొద్దున తలనొప్పి లేదు. క్లిప్పులన్నీ మోసం అని నేను అనడం లేదు. చిత్తూరులో మా పెద్దమ్మ కొడుక్కి మధ్యస్థంగా ఉంటే చెస్ట్ డాక్టరు రాసిచ్చిన మీదటే డెంటిస్టు చేశారు, మెల్లగా సర్దుతూ వచ్చి, చివర్లో క్లిప్పుతోనే మళ్లీ నిద్ర పరీక్ష చేయించి లెక్క తగ్గిందని చూసుకున్నాకే సరే అన్నారు. మీరు వెళ్లినచోట ఈ రెండో పరీక్ష మాట ఎత్తి చూడండి. "అవసరం లేదు" అన్నారంటే అక్కడితో ఆపేయండి. పళ్లు కొరికేవాళ్లకిచ్చే నైట్ గార్డ్‌ని గురక క్లిప్పని చెప్పి అంటగట్టినా తీసుకోవద్దు, అది దవడని ముందుకి జరపదు, కొందరికి ఊపిరి ఇబ్బంది ఇంకా పెరుగుతుంది కూడా.

డబ్బులు వెనక్కి అడిగితే "మీ కొలతకి చేసింది, వాపసు ఉండదు" అన్నారు. మాకిచ్చింది తెల్లకాగితం మీద ఎస్టిమేట్, అందులో "అప్లయెన్స్" అని తప్ప రకం పేరు లేదు, డాక్టరు సంతకం లేదు. మీరు అడ్వాన్సు కట్టేముందే సరైన బిల్లు, క్లిప్పు రకం పేరు, సర్దడానికి ఎన్నిసార్లు పిలుస్తారో, కుదరకపోతే ఏం చేస్తారో రాయించుకోండి. మోసపోయినవాళ్లు 1915 నంబరుకి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ల లోపల వెయ్యాలి. బిల్లు ఇవ్వలేదని ఊరుకోవద్దు, ఫోన్‌లో డబ్బు పంపిన రుజువు, క్లినిక్ వాళ్ల వాట్సాప్ మెసేజీలు, క్యాంపు బ్యానరు ఫోటో అన్నీ దాచిపెట్టండి. ఆ క్లిప్పు కూడా కోపంలో పారేయకండి, సర్దే ఏర్పాటు లేదని చూపించడానికి అదే సాక్ష్యం.