బత్తాయి తోటకు ఏ వేరు మేలు: జంబేరియా, రంగపూర్ నిమ్మా?

నల్లగొండ జిల్లా గుర్రంపోడు, కనగల్, పెద్దవూర మండలాల్లో పాత బత్తాయి తోటలు తీసివేసి మళ్లీ బత్తాయే పెట్టదలచిన రైతులు ఈ మధ్య నన్ను పదేపదే అడుగుతున్న ప్రశ్న ఒకటే. అంటు జంబేరి మీద కట్టినది కొనాలా, రంగపూర్ నిమ్మ మీద కట్టినది కొనాలా? గత వానాకాలంలో నాలుగెకరాల చలకలో మొక్కలు పెట్టేముందు నేను కూడా ఇదే తేల్చుకోవలసి వచ్చింది. కింద వేరునిచ్చేది ఈ రెండింటిలో ఏదైనా, పైన కాయలు కాసేది ఎలాగూ సాత్‌గుడి అనే బత్తాయి రకమే కాబట్టి తేడా అంతా మట్టిలో ఉండే భాగంలోనే ఉంటుంది. అక్కడ చేసిన పొరపాటు ఏడెనిమిదేళ్ల తరువాత గాని బయటపడదు. బయటపడిన తరువాత దిద్దుకునే వీలుండదు.

ఈ రెండూ పరాయివి కావు, దగ్గరి చుట్టాలే. 2018లో వెలువడిన జన్యుక్రమ పరిశోధన నిమ్మజాతి వంశవృక్షాన్ని చాలావరకు తేటపరచింది. దాని ప్రకారం బత్తాయి పంపరపనస, కమలా జాతుల కలయికతో పుట్టినది కాగా, జంబేరి, రంగపూర్ నిమ్మ రెండూ కమలా జాతికీ మాదీఫలానికీ పుట్టిన సంకరాలు. రెండూ నిమ్మజాతి చెట్లను చంపే ట్రిస్టెజా వైరస్‌ను తట్టుకుంటాయి, రెండూ బత్తాయి కన్నును (అంటు కట్టే మొగ్గను) ఇబ్బంది లేకుండా పట్టుకుంటాయి, రెండూ సున్నం ఉన్న నేలలో నెట్టుకొస్తాయి. అయితే ఒకే ఇంట పుట్టిన అన్నదమ్ములలో ఒకరు ఎండకు ఓర్చి మరొకరు వానకు ఓర్చినట్టు, వీటి ఓర్పులు వేరు.

జంబేరి గురించి ముందు న్యాయంగా చెప్పాలి. నారు ఏపుగా పెరిగి త్వరగా కన్ను అంటుకు వస్తుంది. నర్సరీలు దానిని ఇష్టపడడానికి అదే కారణం. తోటలో కూడా చెట్టు పెద్దదవుతుంది, కాపు త్వరగా వస్తుంది, కాయ లావుగా ఉంటుంది. తొక్క మందం, రసంలో తీపి, పులుపు రెండూ కొంత తక్కువ అన్న మాట నిజమే గాని, మన మార్కెట్‌లో బత్తాయిని టన్ను లెక్కన కొంటారు తప్ప రసం కొలిచి కొనరు. కాబట్టి తొలి పదేళ్ల లెక్క ఒక్కటే చూస్తే జంబేరి మీద కట్టిన తోటకు వంక పెట్టలేము. లోతైన ఎర్రనేల ఉండి, నీరు ఎప్పుడూ నిలవకుండా, ఎప్పుడూ తప్పకుండా ఉన్నచోట అది ఈనాటికీ మంచి వేరే.

అటువంటి నేల, అటువంటి నీరు దక్షిణ తెలంగాణలో ఎంతమందికి ఉన్నాయన్నదే నా ప్రశ్న. మనది అడుగు, అడుగున్నర తవ్వితే మొరం తగిలే చలక. నీరు బోరుది, ఎలిమినేటి మాధవరెడ్డి (ఏఎంఆర్) కాలువ అందిన ఊళ్లు తప్ప మిగతావి బోరునే నమ్ముకున్నాయి. బోరు ఎండిన ఏడాది చెట్టు వేసవంతా దప్పికతో ఉంటుంది. ఆపైన ఒక్క పెద్ద వానకే మొరం మీద నీరు నిలిచి, అదే వేరు నాలుగు రోజులు మునిగి ఉంటుంది. ఏ వేరు కరువును తట్టుకుంటుంది అని అందరూ అడుగుతారు. కరువుతో బలహీనపడ్డ వేరు, నీరు తిరిగి వచ్చినప్పుడు ఏమవుతుంది అన్నదే అసలు అడగవలసిన ప్రశ్న అని నా అభిప్రాయం.

ఈ అభిప్రాయం నాకు మా నాన్నగారి తోటలో కలిగింది. అది జంబేరి మీద కట్టిన తోట. 2015-16 కరువులో మా రెండు బోర్లూ ఎండిపోతే, ట్యాంకర్లతో నీళ్లు కొని పాదుకు ఇన్ని బిందెలని లెక్కపెట్టి పోసి, మూడు వంతుల చెట్లను బతికించుకున్నాము. జంబేరి ఎండకు ఓర్చుకోలేదని నేనెన్నడూ అనను. ఆ వేసవిలో అది ఓర్చుకున్నది. 2016 సెప్టెంబరు చివర వానలు దంచికొట్టిన తరువాత తోట పల్లపు భాగంలో చెట్లు ఒకటొకటిగా పోవడం మొదలైంది. ఆకు రాలకుండానే వేలాడింది, కాయ కొమ్మ మీదనే ముడుచుకున్నది. మొదలు దగ్గర మట్టి తీసి బెరడు గీరి చూస్తే, లోపలి కట్టె గోధుమ, ఊదా రంగు కలిసిన చారలతో పొడిగా ఉన్నది. మా బాబాయి ఆ చెట్ల మధ్య నిలబడి, ‘‘ఎండకు చావనిది వానకు చచ్చిందిరా’’ అన్నారు. ఆ మాట నేను మరచిపోలేదు.

దీనిని ఎండు వేరుకుళ్లు అంటారు. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం దీనికి కారకం. అది దాదాపు ప్రతి తోట మట్టిలోనూ ఉంటుంది గాని, ఆరోగ్యంగా ఉన్న వేరును సాధారణంగా ఏమీ చేయలేదు. నీరు లేక ఆకు పని మందగించినప్పుడు వేరులో దాచుకున్న పిండిపదార్థం ఖర్చయిపోతుంది. ఆపైన నీరు నిలిచి గాలి ఆడక సన్న వేర్లు చస్తాయి. ఇక తడి నేలలో చెలరేగి వేళ్లను కుళ్లబెట్టే ఫైటోఫ్తోరా అనే మరో సూక్ష్మజీవి ఆ వేళ్లలోకి దారి తీస్తే, ఫ్యుజేరియం ఆ దారినే లోపలికి పోతుంది. జంబేరి బలహీనత సరిగ్గా ఇక్కడే ఉన్నది. వాడుకలో ఉన్న వేరు మూలాలలో ఫైటోఫ్తోరాకు ఎక్కువగా లొంగిపోయేవాటిలో అది ఒకటి; బంక తెగులు, పాదు కుళ్లు దానిని తేలికగా పట్టుకుంటాయి.

ఇది కరువు ఏటి ముచ్చట మాత్రమే కాదు. పూత కోసం మనం ప్రతి ఏటా కొన్ని వారాలు నీరు ఆపి చెట్టును వాడనిచ్చి, ఆపైన ఒక్కసారిగా నిండుగా తడి ఇస్తాము. అంటే ఎండి తడవడమనే పరీక్షను మన చేతులతో మనమే ప్రతి ఏడూ పెడుతున్నాము. ఇరవై ఏళ్ల తోటలో వేరు ఇరవై సార్లు ఈ పరీక్ష నెగ్గాలి.

రంగపూర్ నిమ్మ ఈ పరీక్షలో నాకు మెరుగుగా కనిపించింది. దాని వేరు లోతుకు దిగుతుంది. నేలలో తేమ తగ్గినప్పుడు వేరు నుంచి ఆకుకు అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను రూపంలో అందే హెచ్చరిక దీనిలో బలంగా ఉంటుంది. ఆకు రంధ్రాలు మూసుకొని నీటి ఖర్చు తగ్గుతుంది. చెట్టు జంబేరి మీద పెరిగినంత భారీగా పెరగదు కాబట్టి దాని అవసరం కూడా తక్కువే. తిరుపతి నిమ్మ పరిశోధన స్థానం అనుభవం మీద సాత్‌గుడికి దీనినే సిఫారసు చేస్తూ వచ్చారు. బెట్టతో పాటు ఎండు వేరుకుళ్లును కూడా జంబేరి కన్నా మెరుగ్గా తట్టుకోవడం అందుకు ముఖ్య కారణం. అంత మాత్రాన రంగపూర్ నిమ్మకు ఫైటోఫ్తోరా రాదని ఎవరూ అనుకోవద్దు. నీరు నిలిచే పల్లంలో పెడితే అదీ పోతుంది, కాకపోతే కొంత ఆలస్యంగా పోతుంది.

ఇంకొక సుగుణం ఉప్పునీటికి సంబంధించినది. మన జిల్లాలో బోరు ఎంత లోతుకు పోతే నీరు అంత చవుడు బారుతున్న ఊళ్లు చాలా ఉన్నాయి. రంగపూర్ నిమ్మ వేరు క్లోరైడును చాలావరకు కిందనే ఆపి ఆకులోకి పోనివ్వదు. జంబేరికి ఆ శక్తి తక్కువ. వేసవిలో ఆకు కొనలు మాడే తోటలవారు కొత్తగా పెట్టేటప్పుడు ఈ సంగతిని గట్టిగా లెక్కలోకి తీసుకోవాలి.

రంగపూర్ నిమ్మకు ఉన్న లోపం చిన్నది కాదు. ఎక్సోకార్టిస్ అనే వైరాయిడ్ (వైరస్ కన్నా చిన్నదైన రోగకారకం) ఉన్న చెట్టు నుంచి కన్ను తీసి కడితే, జంబేరి దానిని పైకి తెలియనివ్వకుండా మోస్తుంది. రంగపూర్ నిమ్మ మోయలేదు. కొన్నేళ్లకు అంటు కింది బెరడు పగిలి పొలుసులుగా లేస్తుంది, చెట్టు గిడసబారుతుంది. ఈ వైరాయిడ్ కన్నుతోనూ, అంటుకత్తితోనూ వ్యాపిస్తుంది గనుక, కన్ను ఏ తల్లిచెట్టుది, కత్తిని బ్లీచింగ్ ద్రావణంలో ముంచుతున్నారా అని నర్సరీలో నిలబడి అడగాలి. మా పక్క ఊరి రైతు ఒకరు రంగపూర్ మంచిది కాదని తోట తీసివేస్తే వెళ్లి చూశాను. అంటు కింద బెరడంతా పొలుసులే. లోపం వేరుది కాదు, కన్నుది. బ్రెజిల్ అనుభవం కూడా గుర్తుంచుకోవాలి. ట్రిస్టెజా దెబ్బకు సోర్ ఆరెంజ్ (పుల్ల నారింజ) వేరు తోటలు పోయిన తరువాత ఆ దేశం అత్యధికంగా రంగపూర్ నిమ్మనే నమ్ముకున్నది. 2000 ప్రాంతంలో సడెన్ డెత్ అనే కొత్త జబ్బు దాని మీద ఉన్న చెట్లనే చంపడం మొదలుపెట్టింది. ఆ జబ్బు మన దగ్గర లేదు గాని, జిల్లా అంతా ఒకే వేరు మీద నిలబడడం క్షేమం కాదన్న సంగతి అక్కడ రుజువయింది.

విత్తనం గురించి కూడా ఒక మాట చెప్పాలి. జంబేరి, రంగపూర్ నిమ్మ రెండింటిలోనూ ఒక్కొక్క గింజ నుంచి రెండు మూడు మొలకలు రావడం మామూలే. వాటిలో ఎక్కువ భాగం పుప్పొడితో సంబంధం లేకుండా తల్లి కణజాలం నుంచి పుట్టినవి కాబట్టి అచ్చంగా తల్లి లాగే ఉంటాయి. ఈ గుణానికి కారణమైన జన్యువును 2017లో గుర్తించారు. పుప్పొడి కలిసి పుట్టిన కొద్ది మొలకలు మాత్రం ఆకు తీరులోనో పెరుగుదలలోనో తేడాగా ఉంటాయి. వాటిని నారుమడిలోనే ఏరివేయకపోతే తోటలో సాలుకు రెండు చెట్లు ఎందుకు చిన్నబోయాయో రైతుకు ఎన్నటికీ తెలియదు.

మిగిలిన వేరు మూలాల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ట్రైఫోలియేట్ ఆరెంజ్ ట్రిస్టెజాకు, ఫైటోఫ్తోరాకు, నులిపురుగుకు ఎదురునిలిచేదే అయినా సున్నపు నేలలో ఆకు పాలిపోతుంది, మనకు పనికిరాదు. క్లియోపాత్రా కమలా చవుడుకు మంచిది, కాపు ఆలస్యం. సోర్ ఆరెంజ్ బత్తాయికి తగదు. నకిరేకల్ వైపు నిమ్మతోటల వారు ఎక్కువగా గింజ మొక్కలే పెడతారు కనుక వారికి ఈ ప్రశ్న అంతగా ఎదురు కాదు.

నా నాలుగెకరాలలో మూడెకరాలు రంగపూర్ నిమ్మ మీద, మెరకగా ఉండి మట్టి లోతున్న ఒక ఎకరం జంబేరి మీద పెట్టాను. ఎకరానికి ఇరవై అడుగుల చొప్పున నూట ఎనిమిది మొక్కలు. పల్లపు అంచున కాలువ తీసిన తరువాతనే గుంటలు తవ్వించాను. అంటు అతుకు నేలకు జానెడు ఎత్తున ఉండేటట్టు నాటించి, నీరు మొదలుకు తగలకుండా మట్టి ఎగదోయించాను. కొన్న మొక్క నిజంగా రంగపూర్‌దేనా అన్న అనుమానం ఉన్నవారు, మూల మీద ఒక మొక్కకు మాత్రం అతుకు కింద లేచిన చిగురును కోయకుండా కాయ పట్టేదాకా ఉంచి చూడవచ్చు. నారింజ రంగులో, తొక్క సులువుగా ఊడే చిన్న పుల్లని కాయ అయితే రంగపూర్ నిమ్మ. పసుపు రంగులో, గరుకు తొక్కతో లావుగా ఉంటే జంబేరి. మిగతా మొక్కలన్నిటికీ ఆ చిగురును కనిపించిన రోజే తీసివేయాలి.