ఏకాగ్రత కుదరని పిల్లలకు యోగా తరగతి: మూడు నెలలు చూశాక

తొమ్మిదేళ్ల మా అబ్బాయికి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) ఉందని నిర్ధారణ అయి ఏడాదిన్నర అవుతోంది. వైద్యులు రాసిన మందు, ప్రవర్తనా చికిత్స కొనసాగుతుండగానే, వాటికి తోడుగా ఉంటుందన్న ఆశతో ఇలాంటి పిల్లల కోసమే నడుపుతున్న ఒక యోగా తరగతిలో వాడిని చేర్పించాము. వారానికి రెండు రోజులు, రోజుకు 45 నిమిషాల చొప్పున మూడు నెలల శిక్షణ అది. తల్లిదండ్రులు వెనుక కూర్చుని చూడవచ్చన్నారు కనుక దాదాపు అన్ని తరగతులూ నేను దగ్గరుండి చూశాను.

మొదటి రోజు గురువుగారు ఆసనాల మాట ఎత్తలేదు. మందు ఏ వేళకు వేస్తారు, దాని ప్రభావం ఎప్పటికి తగ్గుతుంది, ఉబ్బసం గానీ మూర్ఛ గానీ ఉన్నాయా, పెద్ద శబ్దాలకు బెదురుతాడా అని అడిగి అన్నీ రాసుకున్నారు. "ఇది చికిత్స కాదండీ, చికిత్సకు తోడు మాత్రమే. మందు సంగతి మీరూ డాక్టరుగారూ చూసుకోవాలి" అని స్పష్టంగా చెప్పారు. అంతకు ముందు మరొక చోట "మూడు నెలల్లో మందులు మాన్పించేస్తాం" అన్న మాట విని వెనుదిరిగి వచ్చిన మాకు, ఈమె మీద నమ్మకం కుదిరింది ఆ ఒక్క వాక్యంతోనే. పరిశోధనలు చెప్పేది కూడా ఇంతకు మించి లేదు. అప్పటికే మందులు వాడుతున్న బాలురపై జరిగి 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో యోగా చేసినవారు 11 మంది, మరో కార్యక్రమంలో ఉన్నవారు 8 మంది మాత్రమే. అంత చిన్న బృందంతో గట్టిగా ఏమీ తేల్చలేమని పరిశోధకులే ఒప్పుకుంటూ, మందు ప్రభావం తగ్గే సాయంత్రం వేళల్లో యోగా ఉపయోగపడవచ్చని మాత్రం సూచించారు.

ఈ తరగతిలో నాకు అన్నిటికంటే నచ్చింది దాని వరుస. కళ్లు మూసుకుని కదలకుండా కూర్చోమనడంతో మొదలుపెట్టకుండా, ముందు పది నిమిషాలు కప్పలా గెంతించి, పిల్లిలా వీపు వంచించి, ఒంట్లో ఉరకలేసే చురుకుదనానికి దారి చూపించాకే నిలకడ కావలసిన ఆసనాలకు వస్తారు. ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం వేసేటప్పుడు పిల్లల కంటి ఎత్తులో గోడకు ఎర్ర బొట్టుబిళ్ల ఒకటి అంటించి, చూపు దాని మీదే ఉంచమంటారు. మొదటి వారం మా వాడు మూడు అంకెలు లెక్కపెట్టే లోపే పాదం దించేసేవాడు. పదో వారానికి ఇరవై దాకా నిలిచాడు. నేల మీద ఆనిన పాదం వేళ్లు చాపను పట్టుకుని తెల్లబడటం, చూపు పక్కకు జారగానే మడమ వణకడం, వాడే గమనించుకుని మళ్లీ బొట్టు వైపు చూడటం నేను కళ్లారా చూశాను. బడిలోనైనా ఇంట్లోనైనా ధ్యాస తప్పిందని వాడికి ఎప్పుడూ పెద్దవాళ్లమే చెబుతాము, అదీ విసుగ్గా. ఇక్కడ ఆ సంగతి వాడి కాలే చెప్పింది, వాడు నొచ్చుకోలేదు.

తుమ్మెదలా ఝుంకారం చేస్తూ ఊపిరి వదిలే భ్రామరి ప్రాణాయామం కూడా వాడికి బాగా పట్టుబడింది. నిశ్వాసం నెమ్మదిగా, దీర్ఘంగా సాగినప్పుడు గుండె వేగం కొంత తగ్గుతుంది. ఊపిరి మీద మనసు పెట్టమంటే కుదరని పిల్లవాడికి ఝుంకారమైతే చెవికి వినిపిస్తుంది, ముక్కులో అదురుతుంది కనుక పట్టుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది. "తుమ్మెద నా ముక్కులోనే ఉంది" అని ఇంటికి వచ్చి చెప్పాడు.

లోపాలూ ఉన్నాయి. వెల్లకిలా కదలకుండా పడుకునే శవాసనం ఎనిమిది నిమిషాలు పెట్టారు. ఈ పిల్లలకు అది చాలా ఎక్కువ. మా వాడు ఆ సమయమంతా చాప అంచును గిల్లుతూ గడిపేవాడు, పక్కనే నురుగు ముక్కల కుప్ప చేరేది. నేను రెండుసార్లు చెప్పాక గానీ దాన్ని రెండు నిమిషాలకు తగ్గించలేదు. ఎనిమిది మందితో మొదలైన బ్యాచు రెండో నెలకు పద్నాలుగు మందికి పెరిగింది, సహాయకురాలు మాత్రం ఒక్కరే. గురువుగారు రాని ఒక రోజు వేరొకరు వచ్చి కపాలభాతి వేగంగా చేయించగా మా వాడికి తల తిరిగింది. చిన్నపిల్లలతో అలాంటి వేగమైన శ్వాసక్రియలు గానీ ఊపిరి బిగబట్టడం గానీ చేయించకూడదని నా గట్టి అభిప్రాయం. ఇంట్లో సాధనకు ఇరవై రెండు ఆసనాల కాగితం ఇచ్చారు, మూడు చాలు.

ఫలితం విషయానికి వస్తే, హోంవర్కు దగ్గర పెద్ద మార్పు లేదు, లెక్కల్లో అజాగ్రత్త తప్పులు అలాగే ఉన్నాయి. మార్పు కనిపించింది సాయంత్రాల్లో. మందు ప్రభావం తగ్గాక చిన్న మాటకే పుస్తకం విసిరేసే పిల్లవాడు, ఈ మధ్య తనంతట తానే గదిలోకి వెళ్లి బాలాసనంలో ముడుచుకుని పడుకుంటున్నాడు, నిద్ర కూడా త్వరగా పడుతోంది. ఇది యోగా ఒక్కదాని వల్లేనని చెప్పలేను. ఆ నెలల్లోనే ప్రవర్తనా చికిత్సా ముందుకు సాగింది. అయినా వాడిని అలా ఎవరూ చెప్పకుండా వెళ్లి పడుకోగా చూడటం మా ఇంట్లో చిన్న విషయం కాదు.

బ్యాచును పది మందికి మించనివ్వమని, గురువుగారు రాని రోజు తరగతి వాయిదా వేస్తామని కేంద్రం వారు మాట ఇచ్చాక మరో మూడు నెలలకు నమోదు చేయించాము. మందు మాన్పించవచ్చన్న ఉద్దేశంతో వచ్చేవారికి ఈ తరగతిని సూచించను. చికిత్స ఒక దారిలో పడి, సాయంత్రాలు మాత్రం గడవక అవస్థ పడుతున్న కుటుంబాలకు తప్పకుండా సూచిస్తాను. చేర్చే ముందు ఒక తరగతి పూర్తిగా కూర్చుని చూడండి, శవాసనం ఎంతసేపో అడగండి.