గోపాలన్ తీర్పా, మేనకా గాంధీ తీర్పా?

రాజ్యాంగంలో 21వ అధికరణం చిన్న వాక్యమే. చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ, వ్యక్తిగత స్వేచ్ఛనూ హరించకూడదు. ఆ పద్ధతి ఎలా ఉండాలన్న దగ్గరే సుప్రీంకోర్టు రెండు దారులు పట్టింది: ఒకటి అక్షరాన్ని పట్టుకునేది, ఇంకొకటి ఉద్దేశం వెతికేది.

1950లో కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ తన ముందస్తు నిర్బంధాన్ని, అంటే విచారణ లేకుండా ముందుగానే జైల్లో పెట్టడాన్ని, సవాలు చేశారు. మెజారిటీ జడ్జీలు ఉన్నది ఉన్నట్టు చదివారు: పార్లమెంటు చట్టం చేసింది, ఆ పద్ధతి పాటించారు, అంతే. అది న్యాయమైనదా కాదా అన్నది కోర్టు పని కాదన్నారు. అలాగని పూర్తిగా కళ్లు మూసుకోలేదు. నిర్బంధ కారణాలు కోర్టుకు కూడా చెప్పకూడదన్న, ఆ ముందస్తు నిర్బంధ చట్టంలోని 14వ సెక్షన్‌ను కొట్టేశారు.

1977లో మేనకా గాంధీకి ఉత్తరం వచ్చింది: వారంలో పాస్‌పోర్టు అప్పగించండి. ఎందుకని అడిగితే, ప్రజాప్రయోజనం దృష్ట్యా చెప్పలేమన్నారు. ఏదో ఒక పద్ధతి ఉంటే చాలదు, అది న్యాయంగా, సహేతుకంగా ఉండాలని 1978లో ఏడుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. సమానత్వం గురించిన 14, భావప్రకటన వంటి స్వేచ్ఛల గురించిన 19, ఈ 21 అధికరణాలను కలిపి చదివింది. 2017లో గోప్యత ప్రాథమిక హక్కయిందీ ఈ దారిలోనే.

నా ఓటు రెండోదానికే. అయితే దానికీ ఖరీదుంది. జడ్జీల నియామకాల్లో ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించాలని మాత్రమే రాజ్యాంగంలో ఉంటే, 1993లో కోర్టు న్యాయవ్యవస్థ మాటే చెల్లాలంది. జడ్జీలను సీనియర్ జడ్జీలే ఎంపిక చేసే కొలీజియం అలా పుట్టింది. ఉద్దేశం వెతికే జడ్జికి పగ్గం ఎవరు వేయాలి? అక్షరాన్ని పట్టుకునేవాళ్ల ఈ ప్రశ్నను అంత తేలిగ్గా కొట్టిపారేయలేం.