16 మంది నౌకలో గాలపాగోస్: ఎక్కేముందు చూసుకోవలసినవన్నీ

పసిఫిక్ మహాసముద్రంలో, ఈక్వెడార్ తీరానికి పడమరగా దాదాపు 1000 కిలోమీటర్ల దూరాన ఉన్న గాలపాగోస్ దీవులను చూడడానికి రెండు దారులున్నాయి. సాంతా క్రూజ్, సాన్ క్రిస్టోబాల్ వంటి జనావాసమున్న దీవుల్లో హోటలు తీసుకొని పగటిపూట పడవల్లో తిరిగి రావడం ఒకటి. చిన్న నౌకలోనే బస చేస్తూ, రాత్రిపూట అది ప్రయాణిస్తుంటే నిద్రపోయి, తెల్లవారేసరికి మరో దీవి ముందు మేలుకోవడం రెండోది. హ్యూస్టన్‌లో ఉండే మేమిద్దరం, విజయవాడ నుంచి మా దగ్గరకు వచ్చిన అమ్మా నాన్నా కలిసి రెండో దారినే ఎంచుకొని, 16 మందికి మాత్రమే చోటున్న, పక్కపక్కన రెండు అడుగుభాగాలుండే ఒక కాటమరాన్‌లో వారం పాటు ప్రయాణించాం. నౌక పేరు, సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ తరగతి నౌకలు చాలావరకు ఒకే పద్ధతిలో నడుస్తాయి కనుక, ఈ సమీక్ష వాటిలో దేన్ని ఎంచుకునేవారికైనా పనికివస్తుందని నా నమ్మకం.

ముందుగా నా అభిప్రాయం చెబుతాను. ఈ ప్రయాణం బాగుండడమూ బాగుండకపోవడమూ గది విశాలతను బట్టో, భోజనాల బల్ల అలంకరణను బట్టో ఉండదు. నౌక వెళ్లే మార్గం, వెళ్లే నెల, వెంట వచ్చే గైడు, చిన్న పడవలోకి దిగి ఎక్కడానికి మన ఒంటికున్న సత్తువ, ఈ నాలుగే దాన్ని నిర్ణయిస్తాయి. నౌక ఎక్కిన తర్వాత వీటిలో దేన్నీ మార్చుకోలేము. సంస్థలు పంపే రంగురంగుల పుస్తకాలు మాత్రం గది ఫొటోలకే ఎక్కువ పేజీలు కేటాయిస్తాయి. మాకు వచ్చిన పుస్తకమూ అలాంటిదే, అందులో మార్గం గురించి ఒక్క పటం తప్ప వివరణ లేదు.

మార్గం విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ధర చూసి నౌకను ఖాయం చేసుకున్నాకే దీని గురించి ఆలోచిస్తారు. ఏ నౌకా ఒకే సందర్శన స్థలానికి 14 రోజుల లోపల మళ్లీ రాకూడదని ఈ దీవులను సంరక్షించే గాలపాగోస్ జాతీయ ఉద్యానవనం నియమం పెట్టింది. అందువల్ల ప్రతి నౌకా రెండు వారాల చక్రాన్ని వేసుకొని, ఒక వారం ఒక వైపు దీవులను, మరో వారం ఇంకో వైపు దీవులను చూపిస్తుంది. అంటే ఒకే నౌకలో, ఒకే ధరకు, బయలుదేరే వారాన్ని బట్టి పూర్తిగా వేరే జీవులు కనిపిస్తాయి. ఎగరలేని కార్మోరెంట్ పక్షులను చూడాలంటే ఫెర్నాండీనా దీవికో, ఇసబెలా పడమటి తీరానికో వెళ్లే వారాన్నే ఎంచుకోవాలి, ప్రపంచంలో అవి మరెక్కడా లేవు. పెంగ్విన్లు ఎక్కువగా ఉండేదీ ఆ వైపే. ఎర్రపాదాల బూబీలనే సముద్రపు పక్షులు వేల సంఖ్యలో గూళ్లు కట్టుకునేది ఉత్తరాన ఉన్న హెనోవేసాలో. వేవ్డ్ ఆల్బట్రాస్ పక్షులు దాదాపుగా అన్నీ గుడ్లు పెట్టి పిల్లలను పెంచేది ఆగ్నేయాన ఉన్న ఎస్పన్యోలాలో, అదీ ఏప్రిల్ నుంచి డిసెంబరు వరకు మాత్రమే. జనవరి చివరలో ఎస్పన్యోలాకు వెళ్లి ఆల్బట్రాస్ కోసం వెతకడం వృథా. కాబట్టి ఏ జీవిని చూడకపోతే ఇంత దూరం వచ్చినందుకు బాధపడతామో ఇంట్లో కూర్చొని తేల్చుకొని, ఆ దీవికి వెళ్లే వారాన్ని చూసి, ఆ తర్వాతే నౌక కోసం వెతకాలి. మా నాన్నకు సముద్రపు ఇగ్వానాలను చూడాలని ఎప్పటినుంచో కోరిక. నాచు కోసం సముద్రంలోకి దిగి ఈదే బల్లిజాతి జీవులు భూమ్మీద అవి మాత్రమే. అవి గుంపులు గుంపులుగా లావా రాళ్ల మీద ఎండ కాగే ఫెర్నాండీనా ఉన్నందువల్లనే మేము పడమటి మార్గాన్ని ఎంచుకున్నాం.

నెల కూడా అంతే ముఖ్యం. భూమధ్యరేఖ మీద ఉన్న దీవులు కదా, ఎప్పుడూ ఉక్కపోతే ఉంటుందని మనవాళ్లు అనుకుంటారు. నిజానికి దక్షిణం నుంచి వచ్చే హంబోల్ట్ చల్లని ప్రవాహం వల్ల జూన్ నుంచి నవంబరు దాకా ఆకాశం మబ్బు పట్టి, సన్నని తుంపర పడుతూ, గాలి చల్లగా ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో సముద్రం బాగా అల్లకల్లోలంగా ఉంటుంది. డిసెంబరు చివరి నుంచి మే వరకు ఎండ, అప్పుడప్పుడు గట్టి వాన, వెచ్చని నీళ్లు, కాస్త శాంతమైన సముద్రం. పెద్దవాళ్లతో వెళ్లేవారికి మార్చి, ఏప్రిల్, మే నెలలే మంచివని నా సలహా. అయితే పడమటి వైపున క్రామ్‌వెల్ ప్రవాహం లోతుల్లోని చల్లని నీటిని పైకి తెస్తుంది కనుక, ఎండాకాలంలో కూడా ఇసబెలా దగ్గర నీళ్లు వణికిస్తాయి. ఆ చలి నీళ్లలోనే చేపలు, పెంగ్విన్లు, తాబేళ్లు సమృద్ధిగా ఉంటాయి కాబట్టి దాన్ని లోపమనలేం. స్నార్కెలింగ్, అంటే మాస్కు పెట్టుకొని గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటిపై తేలుతూ లోపల చూడడం, చేయాలనుకునేవారు మాత్రం చలిని ఆపే, ఒంటికి అతుక్కునే వెట్‌సూట్ తప్పక తీసుకోవాలి.

వెట్‌సూట్లు నౌకలో అద్దెకు దొరుకుతాయి. మా నౌకలో మధ్య సైజులు పుష్కలంగా ఉన్నాయి గాని, పొట్టిగా, కాస్త బొద్దుగా ఉండేవారికి సరిపోయేవి దాదాపుగా లేవు. సైజులు నౌక ఎక్కాక కాదు, కనీసం నెల ముందు మెయిల్‌లో రాసి పంపి, ఉన్నాయన్న జవాబు తీసుకోవాలి. మాస్కు మాత్రం ఎవరిది వారు తెచ్చుకోవడమే మేలు. ముఖానికి సరిగ్గా అంటని మాస్కులోకి ఉప్పునీరు కారుతూ ఉంటే పక్కనే సీ లయన్ (సీల్ లాంటి సముద్రపు జంతువు) ఈదుతున్నా చూసే ఓపిక ఉండదు.

ఇప్పుడు ఒంటి సత్తువ సంగతి. నౌక ఒడ్డుకు రాదు. లంగరు వేసిన చోటు నుంచి పంగా అనే గాలి నింపిన రబ్బరు పడవలో ఎనిమిదిమందో పదిమందో ఒడ్డుకు వెళ్తారు. అలల మీద ఊగుతున్న నౌక వెనుక మెట్టు నుంచి, అదే విధంగా ఊగుతున్న పడవలోకి అడుగు వేయాలి. సిబ్బంది మన ముంజేతిని, మనం వారి ముంజేతిని గట్టిగా పట్టుకుంటే భయం ఉండదు, కానీ రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, అందుకని వీపు సంచి తప్పనిసరి. ఒడ్డుకు దిగడం రెండు రకాలు. కొన్నిచోట్ల రాళ్ల మీదికో మెట్ల మీదికో పొడిగా దిగవచ్చు. మరికొన్ని చోట్ల మోకాలిలోతు నీటిలో దిగి ఇసుక మీదికి నడవాలి. ఇది రోజుకు రెండు మూడు సార్లు ఉంటుంది. చీర కట్టుతో ఇది కుదరని పని, పంజాబీ డ్రెస్సు పైజమా కూడా తడిసి బరువెక్కుతుంది. త్వరగా ఆరే ట్రాక్ ప్యాంట్లు, పొడుగు చేతుల చొక్కాలు అమ్మకు బాగా పనికివచ్చాయి. తొలిరోజు కాస్త మొహమాటపడినా, రెండో రోజుకు ఆ దుస్తుల్లో పంగాలోకి దిగడం ఆమెకు సునాయాసమైంది.

బార్తొలోమే దీవి శిఖరానికి 300కు పైగా చెక్క మెట్లున్నాయి. లావా మైదానాల్లో గరుకుగా పగిలిన రాళ్ల మీద గంటకు పైగా నడవాలి. ఈ నడకలకు నాన్న విజయవాడలోనే సిద్ధమయ్యారు. బయలుదేరడానికి ముందు కొన్ని నెలల పాటు, కుదిరిన ప్రతి ఉదయం ఇంద్రకీలాద్రి మెట్లెక్కి అమ్మవారిని దర్శించుకొని వచ్చేవారు. దీనికి మించిన సాధన ఏ జిమ్‌లోనూ దొరకదు. ఊళ్లో గుట్టా, మెట్లూ ఉన్న గుడి ఉన్నవారందరికీ ఇదే చెబుతాను. అమ్మకు ఈత రాదు. స్నార్కెలింగ్ వేళల్లో ఆమె ఒక్కతీ నౌకలో ఉండిపోవలసి వస్తుందేమోనని మేము ముందే అడిగాం. ఈత కొట్టనివారిని అదే సమయంలో పంగాలో తీరం వెంబడి తిప్పుతామని సంస్థ రాతపూర్వకంగా చెప్పింది, చెప్పినట్టే చేసింది. సాంతా క్రూజ్ ఉత్తరాన మడ చెట్ల మధ్య ఉన్న బ్లాక్ టర్టిల్ కోవ్‌లో ఇంజను ఆపి తెడ్లతో నడిపినప్పుడు, పడవ పక్క నుంచే సముద్రపు తాబేళ్లు, రే చేపలు, చిన్న సొరచేపలు సాగిపోవడం ఆమె తనివితీరా చూసింది. మీ ఇంట్లో ఈత రాని పెద్దలుంటే ఈ హామీ లేని నౌకను ఎంచుకోకండి.

సముద్రపు వికారం గురించి చాలామంది తేలిగ్గా మాట్లాడతారు. దీవుల మధ్య దూరాలను నౌక రాత్రిపూట దాటుతుంది. అటూ ఇటూ ఊగే ఆ గంటలు అలవాటు లేనివారికి నిజంగానే కష్టం. మాత్ర వికారం మొదలయ్యాక కాదు, నౌక కదలడానికి ముందే వేసుకోవాలి. రక్తపోటు, మధుమేహం మందులు వాడేవారు ఏ మాత్ర వేసుకోవచ్చో తమ వైద్యుడినే అడగాలి, ఎందుకంటే కొన్ని మాత్రలు బాగా మత్తు కలిగిస్తాయి. కింది అంతస్తులో, నౌక మధ్యలో ఉండే గదులు తక్కువ ఊగుతాయి. బాల్కనీ ఉన్న పై గదులకు ఎక్కువ డబ్బు తీసుకుంటారు గాని, ఊపు ఎక్కువ తెలిసేదీ ఆ గదుల్లోనే. నా లెక్కలో ఆ అదనపు ఖర్చు అనవసరం.

గైడు విషయంలో ఈ నౌకకు నేను పూర్తి మార్కులు ఇస్తాను. ఉద్యానవనం అనుమతి పొందిన గైడు లేకుండా ఎవరూ సందర్శన స్థలాల్లో అడుగు పెట్టకూడదు. ఒక గైడుకు 16 మందికి మించి ఉండకూడదు. అంటే 16 మంది నౌకలో అందరికీ ఒకే గైడు, ఆ ఒక్కరూ బాగుంటే వారమంతా బాగుంటుంది. మా గైడు ఆ దీవుల్లోనే పుట్టి పెరిగిన మనిషి. జీవులకు రెండు మీటర్ల దూరం పాటించాలని చెప్పడంతో ఆగకుండా, తల్లి సీ లయన్ పిల్లను వాసనతో, అరుపుతో గుర్తిస్తుందని, మనం ముట్టుకొంటే ఆ గుర్తింపు చెడిపోయే ప్రమాదం ఉందని వివరించారు. కారణం తెలిసిన తర్వాత నౌకలోని పిల్లలు కూడా ఆ గీత దాటలేదు. నౌకను ఖాయం చేసుకునే ముందు గైడు ఏ భాషలో మాట్లాడతారో కూడా అడిగి తెలుసుకోవాలి.

సామాను విషయానికి వస్తే, ఇక్కడి జీవభద్రత తనిఖీని మనవాళ్లు బాగా అర్థం చేసుకోవాలి. బయటి నుంచి వచ్చిన మొక్కలు, పురుగులు, మేకలు, ఎలుకలు ఈ దీవులకు చేసిన నష్టం చాలా పెద్దది. అందుకే క్వీటో, గుయాకిల్ విమానాశ్రయాల్లోనే సంచులను పరీక్షించి ముద్ర వేస్తారు. తాజా పండ్లు, కరివేపాకు రెబ్బలు, విత్తనాలు, మట్టి అంటిన బూట్లు తీసుకెళ్లకూడదు. ఇంట్లో చేసిన పొడులు, ఊరగాయలు హ్యూస్టన్‌లోనే వదిలి వెళ్లాం, తనిఖీ దగ్గర వాదించే పరిస్థితి రాకూడదని. సీలు వేసిన బిస్కెట్లు, అల్లం మురబ్బా వంటివి ప్రకటించి చూపితే ఎవరూ అడ్డు చెప్పలేదు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద 2018 నుంచి అక్కడ ఆంక్షలున్నాయి కనుక, నీళ్ల సీసా వెంట ఉండాలి. వాన, అలల తుంపర నుంచి ఫోనును కాపాడే నీరు చొరని సంచి, అంచు వెడల్పుగా ఉండి గడ్డం కింద కట్టుకునే టోపీ, పట్టున్న చెప్పులు, అదనంగా ఒక జత బూట్లు, ఇవి చాలు. డ్రోను తేవద్దు, అనుమతి లేదు.

భోజనం బాగుంది గాని, శాకాహారం విషయంలో జాగ్రత్త అవసరం. దరఖాస్తులో శాకాహారులమని రాసినా, మొదటి పూట వచ్చిన సూప్ కోడి ఉడికించిన నీటితో చేసినదని అడిగితే తెలిసింది. గైడు వంటవాడికి స్పానిష్‌లో వివరించాక ఆ సమస్య మళ్లీ రాలేదు. బంగాళాదుంప, చీజ్ కలిపి చేసే లోక్రో, అన్నం, బీన్స్, పచ్చి అరటికాయ చిప్స్ అమ్మానాన్నలకు నచ్చాయి. ప్రతి బల్ల మీదా ఉండే ఆహీ అనే మిరప పచ్చడి లేకపోతే వారం గడవడం కష్టమయ్యేది. కోడి, చేప, వాటి రసం ఏదీ వద్దని స్పానిష్‌లో రాసిన కాగితం ఒకటి వెంట ఉంచుకోండి.

డబ్బు, పత్రాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈక్వెడార్‌లో 2000 నుంచి అమెరికా డాలరే చలామణిలో ఉంది. ఉద్యానవన ప్రవేశ రుసుము 2024 ఆగస్టు నుంచి చాలామంది విదేశీ పెద్దలకు 200 డాలర్లు, 12 ఏళ్లలోపు పిల్లలకు 100 డాలర్లు. ఇది నౌక ధరలో కలిసి ఉందో లేదో అడగాలి, సాధారణంగా కలిసి ఉండదు. సిబ్బందికి, గైడుకు ఇచ్చే టిప్పు కూడా విడిగానే. భారత పాస్‌పోర్టు ఉన్నవారు వీసా నిబంధనలను ఈక్వెడార్ రాయబార కార్యాలయం నుంచే నిర్ధారించుకోవాలి. ఈక్వెడార్ నుంచి ఆరు రోజుల లోపల భారతదేశంలో దిగేవారి దగ్గర ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం లేకపోతే అధికారులు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ పత్రం చెల్లుతుంది. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. 60 ఏళ్లు దాటినవారు దీన్ని వేయించుకునే ముందు వైద్యుడితో తప్పక మాట్లాడాలి.

నౌక బయలుదేరే రోజున విమానం దిగేలా టికెట్లు కొనకూడదు. విమానం ఆలస్యమైతే నౌక ఆగదు. ఒకరోజు ముందే ఈక్వెడార్ చేరుకోవాలి. క్వీటో 2850 మీటర్ల ఎత్తున ఉంది కనుక, ఊపిరి ఇబ్బంది ఉన్న పెద్దలను సముద్రమట్టాన ఉన్న గుయాకిల్ మీదుగా తీసుకెళ్లడం మంచిది.

ధర ఎక్కువే. నలుగురికి కలిపి మేము చెల్లించిన మొత్తంతో మరోచోట ఇంకా ఎక్కువ రోజులు తిరగవచ్చు. అయినా ఫెర్నాండీనా వంటి మనుషులు లేని దీవులకు పొద్దున్నే, పెద్ద గుంపులు లేకుండా చేరాలంటే ఈ నౌకలే దారి, అందువల్ల నేను దీన్ని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తున్నాను. ఒక్క మినహాయింపు ఉంది. మోకాళ్లు బాగా అరిగినవారికి, గుండె జబ్బు ఉన్నవారికి 16 మంది నౌక సరిపడదు. వీటిలో సాధారణంగా వైద్యుడు ఉండరు, రాత్రి నడిసముద్రంలో ఉండగా ఆసుపత్రి చాలా గంటల దూరంలో ఉంటుంది. అలాంటివారు వైద్యుడు ఉండే, 100 మంది వరకు ఎక్కే పెద్ద నౌకను చూసుకోవాలి, లేదా సాంతా క్రూజ్‌లోని పువెర్తో అయోరాలో బస చేసి, ఎగువ పొలాల్లో తిరిగే రాక్షస తాబేళ్లను కారులో వెళ్లి చూసి రావాలి.