ముందే సంతకమా, ఆగి బేరమా? అకూన్యా, సోటో కాంట్రాక్టుల్లో ఏది మేలు

2018లో నెల రోజుల తేడాతో ఇద్దరు కుర్రాళ్లు మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అడుగుపెట్టారు. ఏప్రిల్ 25న అట్లాంటా బ్రేవ్స్ తరఫున రొనాల్డ్ అకూన్యా జూనియర్, వయసు 20. మే 20న వాషింగ్టన్ నేషనల్స్ తరఫున హువాన్ సోటో, వయసు 19. ఇద్దరూ ఔట్‌ఫీల్డర్లే, ఆడిందీ ఒకే డివిజన్‌లో. మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడి ఓటింగ్‌లో అకూన్యా మొదటివాడు, సోటో రెండోవాడు. ఆ తర్వాత ఒకరు ఏడాది తిరిగేలోపే సంతకం పెట్టేశాడు, 8 ఏళ్లకు 10 కోట్ల డాలర్లు. ఇంకొకరు ఆరేళ్ల పైన ఆగాడు. 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లు, అంటే అప్పటి మన లెక్కలో దాదాపు 6,500 కోట్ల రూపాయలు.

ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి అకూన్యా మోసపోయాడని తేల్చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అంత తేలిక కాదు.

ఐపీఎల్ వేలం చూసి చూసి అలవాటైన మనకు ఇక్కడి పద్ధతి కాస్త వింతగానే ఉంటుంది. మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు పూర్తయ్యేదాకా ఆటగాడు జట్టు చేతిలోనే ఉంటాడు. మొదటి రెండు మూడేళ్లు కనీస జీతానికి అటూ ఇటుగా ఇస్తారు. 2018లో ఆ కనీసం 5.45 లక్షల డాలర్లు. తర్వాత ఆర్బిట్రేషన్, అంటే ఆటను బట్టి ఏటా జీతం పెంచుకుంటూ పోవడం. ఆరేళ్లు దాటాకే ఫ్రీ ఏజెంట్‌గా ఎవరితోనైనా బేరమాడొచ్చు. ఒకసారి సంతకం పడిందంటే మాత్రం సొమ్ము గ్యారంటీ. గాయమై ఇంట్లో కూర్చున్నా, ఫామ్ పోయినా జట్టు కట్టి తీరాలి.

అందుకే జట్లు కుర్రాళ్ల దగ్గరికి ముందుగానే వెళ్తాయి. పంట చేనులో ఉండగానే బేరం కుదుర్చుకునే వ్యాపారిలాగా. 2019 ఏప్రిల్‌లో బ్రేవ్స్ చేసింది అదే. అకూన్యా ఒప్పందాన్ని విప్పి చూస్తే మొదటి రెండేళ్లు 10 లక్షల డాలర్ల చొప్పున, 2021లో 50 లక్షలు, 2022లో 1.5 కోట్లు, 2023 నుంచి 2026 దాకా ఏటా 1.7 కోట్లు. ఆపైన 2027, 2028లకు అదే 1.7 కోట్లకు జట్టు ఆప్షన్లు, అంటే ఆ ధరకే అతన్ని ఉంచుకోవాలా వద్దా అన్నది జట్టు ఇష్టం. మొదటి ఆప్షన్ వద్దనుకుంటే జట్టు కోటి డాలర్లిచ్చి వదిలించుకోవచ్చు.

సోటో ఏం చేశాడు? 2019లో నేషనల్స్‌తో మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచాడు. ఆర్బిట్రేషన్ దారిలో 2021లో 85 లక్షలు, తర్వాత 1.71 కోట్లు, 2.3 కోట్లు, 2024లో 3.1 కోట్లు తీసుకున్నాడు. నాలుగేళ్లకు కలిపి దాదాపు 8 కోట్ల డాలర్లు, అదీ ఫ్రీ ఏజెంట్‌గా బేరమాడే ఏళ్లలో ఒక్కటి కూడా ముందే అమ్ముకోకుండా! అకూన్యాకు ఒప్పందం ప్రకారం 2019 నుంచి 2024 దాకా ఆరేళ్లకు వచ్చింది 5.6 కోట్లు. మధ్యలో, 2022లో, నేషనల్స్ 15 ఏళ్లకు 44 కోట్లు ఇస్తామన్నారు. అప్పటికి బేస్‌బాల్ చరిత్రలో మొత్తం విలువలో అంత పెద్ద కాంట్రాక్టు ఎవరికీ లేదు. సోటో వద్దన్నాడు. కొన్ని వారాలకే అతన్ని శాన్ డియాగో జట్టుకు పంపేశారు. అక్కడినుంచి న్యూయార్క్ యాంకీస్‌కు, చివరికి 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లోనే ఇంకో జట్టు మెట్స్‌కు. ఆ 76.5 కోట్లు ఇస్తున్నది వాళ్లే.

44 కోట్లు కాదనడానికి గుండె ధైర్యం కావాలి, నిజమే. కానీ ఆ ధైర్యం ఊరికే రాదు. డొమినికన్ రిపబ్లిక్‌కు చెందిన సోటో 2015లో నేషనల్స్‌లో చేరినప్పుడు చేతికొచ్చిన బోనస్ 15 లక్షల డాలర్లు. వెనిజులాకు చెందిన అకూన్యాకు 2014లో బ్రేవ్స్ ఇచ్చింది లక్ష డాలర్లు. పదిహేను రెట్లు తేడా. ఇరవయ్యొక్కేళ్ల వయసులో, వెనక పెద్దగా డబ్బు లేనప్పుడు, పది కోట్ల డాలర్ల కాగితం ఎదురుగా పెడితే ‘ఇంకో ఐదేళ్లు ఆగుతా’ అనమని సలహా ఇవ్వడం మనకు సులువే.

ఇక మోకాళ్ల సంగతి. 2021 జులైలో మయామీలో అకూన్యా కుడి మోకాలి లిగమెంట్ తెగింది. ఆ ఏడు అతను లేకుండానే బ్రేవ్స్ వరల్డ్ సిరీస్ కొట్టారు. 2023లో 41 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి), 73 స్టోలెన్ బేస్‌లు (బంతిని ఎవరూ కొట్టకుండానే తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరడం). ఒకే సీజన్‌లో 40, 70 దాటినవాడు అంతకుముందు లేడు. నేషనల్ లీగ్ అత్యుత్తమ ఆటగాడికిచ్చే ఎంవీపీ అవార్డులో మొదటి స్థానం ఓటు ఒక్కటి కూడా తప్పిపోలేదు. 2024 మేలో ఈసారి ఎడమ మోకాలు. ముందుగా సంతకం పెట్టకపోయుంటే అకూన్యా ఫ్రీ ఏజెంట్ అయ్యేది సరిగ్గా 2024 శీతాకాలంలోనే, సోటోతో పాటు. ఒకరు వరల్డ్ సిరీస్ ఆడి అప్పుడే వచ్చినవాడు, ఇంకొకరు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయినవాడు. ఎవరికి ఎంత పలికేదో ఊహించుకోవచ్చు. పది కోట్లకు మించే వచ్చేదేమో గానీ 76 కోట్లు మాత్రం కలలో మాట.

అందుకే అకూన్యా సంతకం పెట్టడం తప్పని నేననను. తప్పల్లా చివర్లో తగిలించిన ఆ రెండు ఆప్షన్లు. అవి లేకపోతే 2026 ముగిసేసరికి, 29 నిండకముందే మార్కెట్లోకి వచ్చేవాడు. వాటివల్ల 2028 దాకా, అంటే 31కి దగ్గరపడేదాకా ఆగాలి. ఈ ఆటలో 28కీ 31కీ మధ్య ధర ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. అతని జట్టు సహచరుడు ఓజీ ఆల్బీస్ అయితే అదే నెలలో 7 ఏళ్లకు 3.5 కోట్లకే ఒప్పుకున్నాడు, పైగా 70 లక్షల చొప్పున రెండు ఆప్షన్లు. దాన్ని సమర్థించడం మాత్రం నా వల్ల కాదు.

జట్ల వైపునుంచి చూస్తే లెక్క మారుతుంది. ఒక ఆటగాడి వల్ల జట్టుకు అదనంగా ఎన్ని విజయాలు వచ్చాయో ‘వార్’ అనే అంకెతో కొలుస్తారు. మార్కెట్లో ఒక్కో విజయం 80, 90 లక్షల డాలర్లు పలుకుతుందని మోటు అంచనా. 2023లో అకూన్యా వార్ 8 దరిదాపుల్లో ఉంది. 6 కోట్ల పైచిలుకు సరుకు బ్రేవ్స్‌కు 1.7 కోట్లకు దొరికింది. ఒక్క అలాంటి ఏడాది రెండు గాయాల నష్టాన్ని పూడ్చేస్తుంది.

మెట్స్ సోటోకు సగటున ఏటా 5.1 కోట్లు కడుతున్నారు. గిట్టుబాటు కావాలంటే ఏటా దాదాపు ఆరు విజయాలు రావాలి. 2025లో అతను 43 హోమ్ రన్లు కొట్టాడు, అంతకుముందు ఏ సీజన్‌లోనూ 12 దాటనివాడు 38 బేస్‌లు దొంగిలించాడు.  అయినా మెట్స్ నాకౌట్ దశ ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు. ఇక 37, 38 ఏళ్లకు ఏమవుతుంది? ఒకప్పటి మేటి బ్యాటర్ ఆల్బర్ట్ పుహోల్స్‌ను గుర్తు చేసుకుంటే టెన్షన్ వస్తుంది. సెయింట్ లూయిస్ జట్టులో 11 సీజన్లు .328 బ్యాటింగ్ సగటు (అంటే వెయ్యి ప్రయత్నాలకు 328 హిట్లు), మూడు ఎంవీపీలు. ఆ రికార్డు చూసి ఏంజెల్స్ జట్టు 10 ఏళ్లకు 24 కోట్లు ఇస్తే అక్కడ సగటు .256కు పడింది, పదో ఏడాది మధ్యలోనే పంపేశారు. కాకపోతే పుహోల్స్ ఆ కాంట్రాక్టు మొదలయ్యింది 32వ ఏట, సోటోది 26వ ఏట. మెట్స్ కనీసం ఐదారు మంచి ఏళ్లు కొన్నారు. పైగా జీతాలు ఏటా పెరిగే చోట 2039 నాటికి 5.1 కోట్లు ఇప్పుడున్నంత భారంగా ఉండకపోవచ్చు. బౌలర్ల లాంటి పిచర్లతో పోలిస్తే ఇదే నయం. సోటోను వదులుకున్న నేషనల్సే 2019 చివర స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌కు 7 ఏళ్లకు 24.5 కోట్లు రాసిచ్చారు. ఆ తర్వాత అతను పిచర్‌గా ఆడింది ఎనిమిదే ఆటలు.

నాకు మెట్స్ ఒప్పందంలో నచ్చనిది ఒకటే. 2029 తర్వాత సోటో కావాలంటే బయటికి వెళ్లిపోవచ్చు, ఆపాలంటే మెట్స్ మిగతా పదేళ్లకు ఏటా ఇంకో 40 లక్షలు కలపాలి. బాగా ఆడితే లాభం అతనిది, ఆడకపోతే నష్టం వాళ్లది.

ఆటగాడికైతే, చేతిలో ముందే కాస్త డబ్బుంటే సోటో దారే మేలు. లేకపోతే అకూన్యాలా సంతకం పెట్టొచ్చు, ఆప్షన్లు మాత్రం ఒప్పుకోకుండా. జట్టుకైతే రెండో మాట లేదు, బ్రేవ్స్ కొట్టిన బేరమే బేరం. 2027కు అకూన్యాను ఉంచుకుంటే 1.7 కోట్లు, వదిలేస్తే కోటి. అంటే అసలు ఖర్చు 70 లక్షలు. ఆ ధరకు అతన్ని వదులుకునే జట్టు ఈ లీగ్‌లో లేదు.